రాత్రి రెండింటికి రిప్లై ఇచ్చేవాళ్ళు

అందరికీ నమస్కారం. నాది పర్లాకిమిడి. ఏరు దాటితే పాతపట్నం, అది ఆంధ్రా. ఇవతల మేము, ఒడిశా. ముప్పై ఏళ్ళుగా పిల్లలకి లెక్కల ట్యూషన్ చెప్తున్నాను. భయపడకండి, ఈ పూట లెక్కలు చెప్పను. మా అక్క కొడుకు సంగతి చెప్తాను, ఫోన్లో వీడియోలు చూస్తూ చూస్తూ ద్వేషంలోకి జారినవాడి సంగతి. వాడిని అడిగే చెప్తున్నాను. పేరు మాత్రం చెప్పొద్దన్నాడు, సరేనన్నాను.

వాడు ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి హైదరాబాదులో ఒక కంపెనీలో చేరాడు. 2020 లాక్‌డౌన్‌లో ఇంటికొచ్చేశాడు, మళ్ళీ వెళ్ళలేదు. తోటి కుర్రాళ్ళు ఒకడు సూరత్, ఒకడు చెన్నై, ఒకడు కేరళ. వీడు మేడ మీద గదిలో. ఇక్కడ గవర్నమెంటు ఉద్యోగానికి ఒడియా చదవడం రాయడం రావాలి, వీడికి మాట్లాడటం గడగడా వచ్చు కానీ రాయమంటే తడబడతాడు. అవతలికెళ్తే నాన్ లోకల్. బరంపురంలో తెలుగోడంటారు, విశాఖలో నీ తెలుగేటి ఇలాగుందని నవ్వుతారు. మా వైపు పిల్లలకి ఇదొక ఎక్స్‌ట్రా బరువు, పుట్టి పెరిగిన ఊళ్ళోనే అద్దెకున్నట్టుంటుంది.

నాకు అనుమానం వచ్చింది వాడి మాటల వల్ల కాదు, యాస వల్ల. ఒక రాత్రి అందరం అన్నాలు తింటున్నాం. వాడి చెల్లెలు విశాఖలో నర్సింగుకి అప్లై చేస్తానంది. వీడు తలెత్తకుండా, ముద్ద కలుపుతూనే, "లేడీస్‌కి ఎక్కువ చదువైతే మగాడికి వాల్యూ ఉండదు భయ్యా, డేటా ఉంది, చూస్కోండి" అన్నాడు. ఆ అభిప్రాయానికి నేను ఉలిక్కిపడలేదు, నిజం చెప్పాలంటే మా వీధి అరుగుల మీద కూర్చునే పెద్దమనుషులు ముగ్గురైనా ఆ మాట అంటారు, డేటా లేకుండానే. కానీ మా ఇంట్లో భయ్యా ఎక్కడిది? ఏటి, ఎందుకు, ఎలాగ అని సాగదీసి మాట్లాడే గుంటడు ఎవరి గొంతునో అరువు తెచ్చుకుని మాట్లాడుతున్నాడు. ఆ పిల్ల కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు మేడెక్కి, ఏం చూస్తున్నావురా నాకూ చూపించు అన్నాను. దాచుకుంటాడనుకున్నాను. సంబరంగా చూపించాడు, నన్ను కూడా చేర్చుకుందామనే ఉత్సాహం. పైన గ్లాసు పగిలిన ఫోన్, వీడియో ఒకటిన్నర స్పీడులో పరిగెడుతోంది. కారులో కూర్చుని, నల్లద్దాలు పెట్టుకున్న ఒకాయన వేలు చూపిస్తూ మాట్లాడుతున్నాడు. వెనక్కి వెనక్కి పోతూ హిస్టరీ చూశాం ఇద్దరం. ఎనిమిది నెలల కిందట వాడు వెతికింది ఏమిటో తెలుసా? ఒంటరిగా అనిపిస్తే ఏం చేయాలి అని. తర్వాత జిమ్ము వీడియోలు, పొద్దున్నే నాలుగింటికి లేవడం, ఆత్మవిశ్వాసం. ఇంతవరకూ తప్పేముంది? తర్వాత అమ్మాయిల మనసు ఎలా పనిచేస్తుంది. తర్వాత అమ్మాయిలందరూ ఇంతే. ఆ తర్వాత మన ఉద్యోగాలు ఎవరు తిన్నారు, మన ఆడపిల్లల్ని ఎవరు ఎత్తుకుపోతున్నారు, ఇక అక్కడినించి ఒక మతంవాళ్ళ మీద బూతులు. మొదటి రోజే ఎవడూ వచ్చి పలానా వాళ్ళని ద్వేషించు అనలేదు. మొదటి రోజు వాళ్ళన్న మాట, నీ తప్పేం లేదు తమ్ముడూ. ఆ ముక్క ఇంట్లో ఎవరమైనా అన్నామా అని గుర్తు చేసుకున్నాను. మేమన్నవి రిజల్టు ఏమైందిరా, ఎన్నాళ్ళురా ఇలాగ, ఇవే.

యూట్యూబులో జనం చూసే టైములో డెబ్బై శాతానికి పైగా, అది తనంతట తాను చూపించే వీడియోలదేనని ఆ కంపెనీ పెద్దలే 2018లో చెప్పారు. అలాగని నేరమంతా మిషను మీద తోసెయ్యలేం. లోపల ముందే మంట ఉన్నవాళ్ళే ఇలాంటి చానళ్ళకి ఎక్కువగా అతుక్కుపోతారని తర్వాత వచ్చిన పరిశోధనల్లో తేలింది. మా వాడి మంట ఎప్పుడు మొదలైందో, అదే ఇంట్లో ఉండి నేను చూళ్ళేదు.

విచిత్రం వినండి. ఆడతోడు దొరకలేదని ఆడవాళ్ళందరి మీదా పగబట్టే మగాళ్ళని ఇంగ్లీషులో ఇన్సెల్ అంటారు. ఆ మాటకి పునాది వేసింది ఒక ఆడమనిషే. 1997 ప్రాంతంలో కెనడాలో చదువుకునే ఒకమ్మాయి, తోడు దొరక్క బాధపడేవాళ్ళు ఆడైనా మగైనా నలుగురూ కష్టం చెప్పుకుందుకు చిన్న వెబ్‌సైటు పెట్టింది. కొన్నేళ్ళకి ఆమె తన దారిన తాను వెళ్ళిపోయింది. ఆ మాట మాత్రం వేరేవాళ్ళ చేతుల్లో పడింది. 2014లో కాలిఫోర్నియాలో ఇరవై రెండేళ్ళ కుర్రాడు ఆ కోపంతోనే ఆరుగురిని చంపి తానూ చచ్చాడు. 2018లో టొరంటోలో ఒకడు జనం మీదికి వ్యాను తోలి పదిమందిని పొట్టన పెట్టుకున్నాడు, గాయపడిన ఇంకొకామె 2021లో పోయింది. ఆ కేసు తీర్పు చెప్పిన జడ్జి వాడి పేరు పలకలేదు, పేరు కోసమే చేశాడు కాబట్టి పలకనంది. న్యూజిలాండులో 2019లో మసీదుల్లో 51 మందిని కాల్చి చంపినవాడి పేరు ఆ దేశ అప్పటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ కూడా పలకనన్నారు. నేనూ పలకను.

అక్కడెక్కడో అనుకునేరు. 2022 జనవరి ఒకటో తారీకున బుల్లీ బాయి అనే యాప్‌లో ముస్లిం ఆడవాళ్ళ ఫొటోలు పెట్టి వేలం అన్నారు గుర్తుందా, ఆ కేసులో మొదట్లో పట్టుబడినవాళ్ళు ఇరవై అటూ ఇటూ వయసువాళ్ళు, వాళ్ళలో ఇంజినీరింగ్ చదివే పిల్లలున్నారు, ఒక ఆడపిల్ల కూడా. ఆ వార్త పేపర్లో చూసి ఎవరి పిల్లలో అనుకుని పేజీ తిప్పేసినవాణ్ణి నేను.

ఇక నా ఘనకార్యం చెప్తాను. నేను లెక్కల మేష్టార్ని కదా, వాడితో వాదన పెట్టుకున్నాను. గంటన్నర. ప్రతిదానికీ వాడి దగ్గర జవాబు రెడీగా ఉంది, చివరికి "మావయ్యా, నువ్వింకా నిద్దర్లోనే ఉన్నావు" అన్నాడు జాలిగా. ఆ జాలి నన్ను కోసేసింది. మా బావ ఇంకో అడుగు ముందుకేసి ఫోన్ నేలకేసి కొట్టాడు. వాడు రెండ్రోజులు కనపళ్ళేదు. పలాస స్టేషన్లో బెంచీ మీద దొరికాడు, ఎక్కడికెళ్దామనుకున్నావురా అంటే నాకే తెలీదన్నాడు. మా అక్క ఆ రెండ్రోజులూ వాడి కంచంలో అన్నం పెట్టి మూత పెట్టింది.

అప్పుడు చదవడం మొదలుపెట్టాను. ఇలాంటి ఊబిలోంచి బయటికొచ్చినవాళ్ళు ఎలా వచ్చారు అని. అమెరికాలో డెరెక్ బ్లాక్ అని ఉన్నారు. తెల్లవాళ్ళే గొప్పని ప్రచారం చేసే స్టార్మ్‌ఫ్రంట్ అనే వెబ్‌సైటుని 1995లో పెట్టింది వాళ్ళ నాన్నే, చిన్నప్పటినించీ అదే ఇంట్లో అదే మాటలు. ఫ్లోరిడాలో కాలేజీకి వెళ్ళాక అసలు సంగతి బయటపడి చాలామంది వెలివేశారు. ఒక యూదు కుర్రాడు మాత్రం శుక్రవారం రాత్రి భోజనానికి రమ్మన్నాడు. మళ్ళీ శుక్రవారం, ఆ మళ్ళీ శుక్రవారం, అలా రెండేళ్ళ దాకా. మొదట్లో ఆ బల్ల దగ్గర రాజకీయాల ఊసే ఎత్తలేదట. ఆ స్నేహాల్లోనే నెమ్మదిగా వాదనలూ జరిగాయి, 2013లో డెరెక్ ఆ భావజాలం వదిలేశానని బహిరంగంగా ఉత్తరం రాశారు. డెన్మార్క్‌లో ఆర్హుస్ అనే ఊళ్ళో పోలీసులే సిరియా యుద్ధం నించి తిరిగొచ్చిన కుర్రాళ్ళకి, కేసులు లేనివాళ్ళకి, తోడుగా ఒక పెద్దమనిషిని పెట్టి చదువూ పనీ చూపించారు. దాన్ని మరీ మెతకదనమని తిట్టినవాళ్ళూ ఉన్నారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. పలాస బెంచీ చూశాక అనుకోలేదు.

నూరేళ్ళ పైచిలుకు కిందట మా ఊళ్ళోనే ఒక మేష్టారు, గిడుగు రామమూర్తి గారు, సవరలనే గిరిజనులకి చదువు చెప్పాలంటే ముందు వాళ్ళ భాష నేను నేర్చుకోవాలని కూర్చున్నారు. నేనంతవాణ్ణి కాదు గానీ మేనల్లుడి భాష నేర్చుకుందుకు కూర్చున్నాను. సిగ్మా అంటే ఏటిరా, సింప్ అంటే ఏటి, ఈ రెడ్ పిల్ ఏటి, మింగేదా? వాడు నవ్వాడు. చాన్నాళ్ళకి నవ్వాడు. సిగ్మా అంటే ఎవరి తోడూ అక్కర్లేని మొనగాడట, సింప్ అంటే అమ్మాయిల మెప్పు కోసం తగ్గిపోయేవాడట, రెడ్ పిల్ అంటే ఆడవాళ్ళ గురించి "అసలు నిజం" తెలిసిపోవడమట. రాత్రి రెండింటికి, ఆ వీడియోలు చూసేవాళ్ళ గ్రూపులో నిద్ర పట్టట్లేదు అని పెడితే ఎన్ని రిప్లైలు వస్తాయో చూపించాడు. లేచి ఉన్నా బ్రో, నేనూ అంతే బ్రో, చెప్పు బ్రో. చదువుతుంటే నాకు వాళ్ళ మీద కోపం రాలేదు, అది మీరు ఏమనుకున్నా సరే. ఆ బ్రోలందరూ కూడా ఎవరింట్లోనో మేడ మీద గదుల్లో ఉన్నారు.

ట్యూషన్ గదిలో వైరింగ్ పాడైందని వాడిని పిలిచాను. నిజంగానే పాడైంది, నాటకం కాదు. మూడు సాయంత్రాలు పట్టింది, పిల్లలు అన్నా అన్నా అని చుట్టూ మూగారు. ఎదురింటి రిటైర్డ్ ఒడియా మేష్టారు తన నీళ్ళ మోటారు చూడమన్నారు, డబ్బులకి బదులు చకులి పిఠా పెట్టి, నీకు ఒడియా రాయడం నేర్పుతాను రారా అన్నారు. ఆదివారాలు వెళ్తున్నాడు. ఇప్పుడు పలక మీద గుండ్రంగా దిద్దుతాడు, ఇరవై ఆరేళ్ళవాడు.

ఒక్క జాగ్రత్త. పిల్లాడు ఎవరినైనా చంపుతాననో, నేను చస్తాననో అంటే నాలాగ మెల్లిగా కూర్చుందామని చూడొద్దు. వెంటనే సాయం పిలవండి, ఎవరికైనా హాని చేసేలా ఉంటే పోలీసులకి చెప్పండి. మనసు బాలేకపోతే టెలీ మానస్ అని గవర్నమెంటు ఫోన్ ఉంది, నంబరు 14416, డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంకోసారి చెప్తున్నాను, రాసుకోండి: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.

మా వాడు మారిపోయాడని చెప్పడానికి రాలేదు నేను. చెల్లెలికి సారీ చెప్పలేదు ఇంకా, కానీ నర్సింగు ఫారానికి కావలసిన జిరాక్సులు వాడే తీసుకొచ్చాడు. మొన్న అడిగాను, ఆ గ్రూపులో ఉన్నావా ఇంకా అని. ఉన్నానన్నాడు. "మ్యూట్‌లో ఎట్టేను మావయ్యా. ఒకడున్నాడు, నెల్లూరోడు, వాడికి నిద్దర పట్టదు. వాడికి మాత్తరం రిప్లై ఇత్తాను."