టెగ్యుమెంట్ కబుర్లు: వీపీ16, మళ్ళీ 18ఎస్ పేచీ

అప్ప: బరంపురం నుంచి నమస్కారం. గుణుపురం, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం వాళ్ళకీ. ఈ పూట హెర్పిస్ వైరస్‌ల టెగ్యుమెంట్. వైరస్ డీఎన్‌ఏని మూసే ప్రొటీన్ గూడు కాప్సిడ్‌కీ పైపొరకీ నడుమ ఉండే ప్రొటీన్లు జీన్లను ఎలా నడిపిస్తాయో...

తమ్ముడు: 18ఎస్... ఆర్‌ఎన్‌ఏ కొలతల్లో పోల్చుకోడానికి వాడే రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ...

అప్ప: ఇంకా మొదలే పెట్టలేదురా!

తమ్ముడు: వినేవాళ్ళు దానికోసమే కూర్చున్నారప్పా.

అప్ప: సరేలే, ముందిది. హెచ్‌ఎస్‌వీ-1, అంటే హెర్పిస్ సింప్లెక్స్ వైరస్, కణంలో దిగాక వీపీ16 అనే ప్రొటీన్ టెగ్యుమెంట్ వదిలి, కణం సొంత ప్రొటీన్ హెచ్‌సీఎఫ్-1తో జట్టు కట్టి, న్యూక్లియస్‌లో మరో కణ ప్రొటీన్ ఆక్ట్-1 పక్కన వైరస్ డీఎన్‌ఏలోని టాట్‌గారాట్ వరుస మీద చేరుతుంది. ఐసీపీ0, ఐసీపీ4 లాంటి ఇమ్మీడియట్ ఎర్లీ జీన్లు, అంటే వైరస్‌లో అన్నిటికంటే ముందు వెలిగేవి, అక్కడ రాజుకుంటాయి. అప్పటికి కొత్త వైరస్ ప్రొటీన్ ఒక్కటీ తయారవలేదు.

తమ్ముడు: దాన్ని చూపించాలంటే ప్రొటీన్ తయారీని ఆపే మందు సైక్లోహెక్సిమైడ్ వెయ్యాలి. మిల్లీలీటరుకి 100 మైక్రోగ్రాములు, అరగంట ముందే. వైరస్ పోసే మీడియంలో, కడిగే బఫర్‌లో కూడా ఉండాలి. కడిగేటప్పుడే చాలామంది మర్చిపోతారు.

అప్ప: మర్చిపోతే ఐసీపీ4 ప్రొటీన్ వచ్చి తన జీన్‌ని నడిపే ప్రమోటర్‌నే అణిచేస్తుంది. వైరస్ ప్రొటీన్లు తయారయ్యాకే వెలిగే టీకే జీన్ ఆర్‌ఎన్‌ఏ కూడా చూడాలి. అది కనబడిందంటే దిగ్బంధం కారినట్టే.

తమ్ముడు: పక్కన ఇన్1814. వీపీ16లో 4 అమైనో ఆమ్లాలు ఇరికించిన వైరస్. మామూలు వైరస్, ఇదీ రెండూ ఎంఓఐ 0.1, అంటే కణానికి 0.1 వైరస్ లెక్కన...

అప్ప: ఆగు. 0.1 ఏటి? ప్లాక్ కట్టగల వైరస్‌ల లెక్కా, అదే పీఎఫ్‌యూ?

తమ్ముడు: మరేటి?

అప్ప: ఆ వైరస్ మామూలు కణాల మీద ప్లాక్, అంటే చచ్చిన కణాల మచ్చ, కట్టడానికే ఆయాసపడుతుంది. సమానంగా పీఎఫ్‌యూ పోశావంటే రేణువులు ఎన్నో రెట్లు ఎక్కువ పోసినట్టు. రేణువులు పెరిగితే లోపం కప్పడిపోతుంది. గ్రాఫ్ చూసి వీపీ16తో పనిలేదంటావు.

తమ్ముడు: యూ2ఓఎస్ కణాల మీద టైటర్, అంటే వైరస్ ఎంతుందో, కట్టు. అక్కడ వీపీ16 లోటు అంతగా తెలీదు.

అప్ప: ఒప్పుకుంటాను. మరి వేసవిలో కరెంటు పోయి, స్టాక్ కరిగి మళ్ళీ గడ్డకట్టిందనుకో. పీఎఫ్‌యూ పడిపోతుంది, జీనోమ్‌లు అలాగే ఉంటాయి. పాత టైటర్ నమ్ముకుంటే గోవిందా. జీనోమ్‌లు లెక్కపెట్టు.

తమ్ముడు: చచ్చిన రేణువుల జీనోమ్ కూడా లెక్కలోకి వచ్చేస్తుందిగా! అదెక్కడి న్యాయం?

అప్ప: గొట్టంలో ఎందుకు లెక్కపెడతావు? వైరస్ పోశాక గంటకి ట్రిప్సిన్ వేసి పైన అంటుకున్నవి ఊడ్చి, లోపలికెళ్ళినవే డీఎన్‌ఏ నకళ్ళు కొలిచే క్యూపీసీఆర్‌లో చూడు.

తమ్ముడు: ...సరే. అది బాగుంది.

అప్ప: రాసుకోండి అందరూ, ఒప్పుకున్నాడు! మిగతావి గబగబా. సైటోమెగలో వైరస్‌లో పీపీ71 అనే టెగ్యుమెంట్ ప్రొటీన్, వైరస్ జీన్లను అణిచే కణ ప్రొటీన్ డాక్స్‌ని కరిగించి మేజర్ ఇమ్మీడియట్ ఎర్లీ ప్రమోటర్ మీది అణచివేత తీసేస్తుంది. ఈబీవీ, అదే ఎప్‌స్టీన్-బార్ వైరస్‌లో బీఎన్‌ఆర్‌ఎఫ్1 అదే డాక్స్ నుంచి దాని జోడీ ప్రొటీన్ ఏటీఆర్‌ఎక్స్‌ని విడదీస్తుంది. చికెన్‌పాక్స్ వైరస్ జీన్లను వెలిగించే ఐఈ62 ప్రొటీన్‌ని టెగ్యుమెంట్‌లోనే మోసుకొస్తుంది. ఒక్కోదానికీ ఒక ఎపిసోడ్ పడుతుంది.

తమ్ముడు: హెచ్‌ఎస్‌వీ-1 వీహెచ్‌ఎస్ ప్రొటీన్?

అప్ప: వచ్చాడండీ!

తమ్ముడు: అదీ టెగ్యుమెంట్ సరుకే కదా! రేణువుతోపాటు వచ్చి మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏని నరుకుతుంది. తయారై వచ్చింది కాబట్టి సైక్లోహెక్సిమైడ్ దాన్నేమీ చెయ్యలేదు. పోల్చుకోడానికి వాడే కణం జీన్ జీఏపీడీహెచ్ ఆర్‌ఎన్‌ఏ కూడా తెగుతుంది. దాని సీటీ, అంటే క్యూపీసీఆర్‌లో సంకేతం కనబడే సైకిల్, 17 నుంచి 20కి జారిందనుకో, ఐసీపీ0 ఊరికే 8 రెట్లు పెరిగినట్టు కనబడుతుంది. అందుకే 18ఎస్.

అప్ప: 18ఎస్ మరీ ఎక్కువుంటుంది. సీడీఎన్‌ఏని, అంటే ఆర్‌ఎన్‌ఏ నుంచి చేసిన డీఎన్‌ఏ నకలుని, 100 రెట్లు పలచన చెయ్యకపోతే సీటీ తొలి సైకిళ్ళలోనే పడి బేస్‌లైన్ చెడుతుంది. పైగా ఆర్‌ఎన్‌ఏ చివరి ఎ-తోకని పట్టుకునే ఓలిగో డీటీతో చేసిన సీడీఎన్‌ఏలో 18ఎస్ కొలత నమ్మకు. దానికి తోక లేదు.

తమ్ముడు: ఎక్కడైనా అతుక్కునే రాండమ్ హెక్సామర్లు వాడాలి. ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా మార్చే ఎంజైమ్ వెయ్యని నో-ఆర్‌టీ గొట్టం ఒక్కటి చాలదా?

అప్ప: ప్రతి నమూనాకీ పెట్టాలి. ఐసీపీ4లో ఇంట్రాన్, అంటే ఆర్‌ఎన్‌ఏలోంచి కత్తిరించేసే ముక్క, లేదు. వైరస్ డీఎన్‌ఏ మిగిలితే అదీ ఆర్‌ఎన్‌ఏగా లెక్కలోకొచ్చేస్తుంది.

తమ్ముడు: డీఎన్‌ఏని తినే డీఎన్ఏస్ వేసినా?

అప్ప: వేసినా సరే, పెట్టాల్సిందే.