సాంచాల చప్పుడు, గోడ మీద ముచ్చట

అందరికీ నమస్కారం. పొద్దున్నే లేచి ఇంతమందికి వంట చేసి తెచ్చిన అక్కలకు ముందుగా నా దండాలు. మాంచెస్టర్ పాత సినిమాల గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు.

బిర్యానీ తినడానికి విల్మ్‌స్లో రోడ్డుకు వచ్చినప్పుడల్లా మీరంతా డికిన్సన్ రోడ్డు మలుపు దాటే ఉంటారు. ఆ రోడ్డు మీద ఒక మెథడిస్టు చర్చి ఉండేది. 1947లో జాన్ బ్లేక్లీ అనే నిర్మాత దాన్ని స్టూడియోగా మార్చాడు. మాంకూనియన్ ఫిల్మ్స్ ఆయన కంపెనీ. యుద్ధం అయిపోయింది, రేషన్ ఇంకా ఉంది, డబ్బు లేదు. చవకగా తీసేవారు. స్టేజీ మీద పేరున్న హాస్యనటులను పిలిచి, వాళ్లకు అలవాటైన అంకాలే కెమెరా ముందు చేయించేవారు. కెమెరా పెద్దగా కదలదు. కథ మధ్యలో ఆగిపోయి పాట వస్తుంది. జోసెఫ్ లాక్ నిలబడి గొంతెత్తుతాడు. 1953లో వచ్చిన ఒక మిలిటరీ కామెడీలో హాస్యనటుడు ఫ్రాంక్ ర్యాండిల్, నటి డయానా డోర్స్ ఉండగానే ట్రినిడాడ్ నుంచి వచ్చిన వినిఫ్రెడ్ అట్వెల్ పియానో వాయిస్తుంది. లండన్ విమర్శకులకు ఇవి మోటు సినిమాలు. లాంకషైర్ మిల్లు ఊళ్ల జనానికి మాత్రం సొంత మనుషులు తెర మీద కనిపించినట్టు.

పాటల గురించి ఇంకా చెప్పాలనుకున్నాను కానీ, అసలు నన్ను పట్టుకున్నది వేరే. 1950లో వీళ్లే 'ఓవర్ ది గార్డెన్ వాల్' తీశారు. అందులో రాచ్‌డేల్ నటుడు నార్మన్ ఎవాన్స్ ఆడవేషం కట్టాడు. ఆయనకు పేరు తెచ్చిన అంకం ఇదే: బోసినోటి పెద్దావిడ గోడ మీద ఆనుకొని పక్కింటావిడతో ఊరి సంగతులన్నీ చెబుతుంది. కొన్ని మాటలకు గొంతు ఉండదు, పెదాలు మాత్రం సాగదీసి సాగదీసి ఆడిస్తుంది. ఎందుకో తెలుసా? మగ్గాల హోరులో మాట వినబడక మిల్లు ఆడవాళ్లు పెదాలతో మాట్లాడుకునేవారు. దాన్ని ఇక్కడ మీమాయింగ్ అంటారు.

మాది సిరిసిల్ల. మా బాపు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. అవ్వ, అంటే మా అమ్మ, పక్కనే కండెలు చుట్టేది. సాంచాలు నడుస్తుంటే మాట వినబడదు. అవ్వ, పక్కింటత్త అచ్చం ఇట్లాగే మాట్లాడుకునేవారు. ఇంటికొచ్చాక, చప్పుడు లేని చోట కూడా, గుట్టు మాట వస్తే గొంతు పోయేది, పెదాలు కదిలేవి. నిరుడు అవ్వకు ఫోన్లో ఎవాన్స్ అంకం చూపించాను. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. కాసేపు చూసి, "ఈమె సాంచాల కాడ పనిచేసిందిరా" అంది.

ఎనిమిదో తరగతిలో నేను స్కూల్ డే నాడు అవ్వలాగా మాట్లాడి చూపించాను. పిల్లలంతా విరగబడి నవ్వారు. దిగి రాగానే ఒక సారు, "ఈ భాష ఏం భాష, స్టేజీ మీద మంచి తెలుగు మాట్లాడాలి" అన్నారు. మళ్లీ ఎప్పుడూ చేయలేదు. ముప్పై ఏళ్లయింది, ఆ మాట ఇంకా గుచ్చుతుంది. ర్యాండిల్‌ది కూడా లాంకషైర్ యాసే. దాన్ని ఎవరి కోసమూ ఆయన మార్చుకోలేదు. బ్లేక్లీ మార్చుకోమనలేదు కూడా. బ్లేక్లీ మీద నాకున్న గౌరవమంతా అందుకే.

1954లో ఆ స్టూడియోను బీబీసీ కొన్నది. 1964 జనవరి 1న 'టాప్ ఆఫ్ ది పాప్స్' అనే టీవీ పాటల కార్యక్రమం మొదటి ప్రసారం అక్కడి నుంచే జరిగింది. తర్వాత ఆ భవనాన్ని కూల్చేశారు.

అక్కా, వెనక కూర్చున్న మీరే, మీది కూడా సిరిసిల్ల అన్నారు కదా? సాంచాల మీద పనిచేసిన వాళ్లు మీ ఇంట్లో ఇంకా ఉన్నారా? ఈసారి ఊరికి పోయినప్పుడు వాళ్లను గోడ దగ్గర నిలబెట్టి, ఆ పెదాల మాట వీడియో తీసి నాకు పంపండి. మా అవ్వది నేను తీశాను. వచ్చే నెల కమిటీ వాళ్లు ఈ హాలు ఇస్తే, ఎవాన్స్ అంకం, అవ్వ వీడియో పక్కపక్కన వేస్తాను. పిల్లల్ని కూడా తీసుకురండి.