పౌడర్ కోటింగ్‌ను తిట్టడం ఆపండి, చక్రాన్ని దేంతో కడిగారో అడగండి

ఇక ఆపండి! పౌడర్ కోటింగ్‌ను, అంటే రంగు పొడిని చక్రం మీద చల్లి ఓవెన్‌లో కాల్చి అతికించే పద్ధతిని, తిట్టడం ఇక ఆపండి. పోయిన వీడియో కింద కామెంట్లన్నీ చదివాను. సగం మంది "అల్లాయ్స్‌కి (అల్యూమినియం మిశ్రమ చక్రాలకి) పౌడర్ కోటింగ్ దండగ, ఒక్క వానాకాలానికే పెచ్చులూడింది" అంటున్నారు. మిగతా సగం "మా షాపువాడు జీవితకాలం గ్యారంటీ ఇచ్చాడు" అంటున్నారు. ఇద్దరూ పొరపాటు పడుతున్నారు. తప్పు పొడిది కాదు, కడుగుడుది. ఈ వీడియో అయ్యేలోపు ఈ మాట ఇంకో పదిసార్లు అంటాను, ఎందుకంటే మన డబ్బంతా అక్కడే పోతోంది.

నా సంగతే చెప్తాను. నాలుగు చక్రాలకూ మంచి గన్‌మెటల్ రంగులో పౌడర్ కోటింగ్ వేయించాను. మా అత్తగారిది భీమిలి, నెలకు రెండుసార్లు ఆ సముద్రపు గాలిలో బండి నిలబడుతుంది. ఏడాది తిరగలేదు, నట్ల చుట్టూ అప్పడంలా ఉబ్బింది. గోరుతో గీకితే బిళ్లలా లేచి వచ్చింది. నాకూ మీలాగే కోపం వచ్చింది. కానీ ఆ బిళ్లను తిప్పి చూశాను. వెనక తెల్లగా ముగ్గుపిండి లాంటి పొడి! అది రంగు కాదు, అల్యూమినియం తుప్పు. పై పొర గట్టిగానే ఉంది, విరిస్తే టక్కుమని విరిగింది. కింద లోహం పుచ్చిపోయి దాన్ని పైకి తోసేసింది.

షాపుకెళ్లి అడిగాను, "అన్నా, పొడి కొట్టే ముందు దేంతో కడిగావు?" అని. "ఇసుక చిమ్మి బ్లాస్టింగ్ చేశాక ఇంకా కడగడమేంటి సార్, గాలి కొడతాం, చాలు" అన్నాడు. అదిగో! అక్కడే పోయింది నా డబ్బు.

చిన్నప్పుడు మా వీధిలోకి ఇత్తడి గిన్నెలకు కళాయి వేసే ఆయన వచ్చేవాడు. గుర్తుందా మీకు? గిన్నెలో ఇసుక పోసి, రెండు కాళ్లతో లోపల నిలబడి, అటూ ఇటూ తిరుగుతూ తోమేవాడు. అలా చాలాసేపు తోమాక కొలిమి మీద కాల్చి, నవాసాగరం చల్లి, తగరం వేసి, దూదితో ఒక్క రుద్దు రుద్దితే గిన్నె వెండిలా మెరిసేది. తగరం పూయడం నిమిషం పని. మిగతా కష్టమంతా తోమడంలోనే. జిడ్డు మిగిలిన చోట కళాయి అంటదని ఆయనకు తెలుసు. ఓవెనూ గన్నూ పెట్టుకుని షాపు నడిపేవాళ్లకు తెలియదా?

కంపెనీ నుంచి వచ్చే చాలా అల్లాయ్ చక్రాలకు అడుగున ఉండేది పౌడర్ ప్రైమరే. మరి అది ఏళ్ల తరబడి ఎలా నిలుస్తోంది? ముందు జిడ్డు తీసే ద్రావణం, తర్వాత మంచి నీళ్లు, తర్వాత పై ఆక్సైడ్ పొరను తీసే ద్రావణం, మళ్లీ నీళ్లు, ఆఖరికి జిర్కోనియం లాంటి రసాయనంతో ఒక పల్చటి పూత. తుప్పును ఆపేదీ, పొడికి పట్టు ఇచ్చేదీ ఆ పూతే. పైన వేసే పొడి 60 నుంచి 80 మైక్రాన్లు, మన తల వెంట్రుకంత మందం. కింద పట్టు లేకపోతే అదొక్కటే ఏం కాపాడుతుంది?

ఇప్పుడు నా సొంత అనుమానం ఒకటి చెప్తాను. బోరు నీళ్లు! మన దగ్గర చక్రం కడిగినా బోరు నీళ్లతోనే కడుగుతారు. గిన్నె ఆరితే తెల్ల మచ్చలు వదిలే నీళ్లవి. ఆ ఉప్పు చక్రం మీద ఆరిపోయాక పైన పొడి కొట్టి కాలిస్తే, తుప్పుకు విత్తనం మనమే నాటినట్టు. తర్వాత ఒక రాయి తగిలి చిన్న గాటు పడితే చాలు, చెమ్మ లోపలికి పోయి వానపాము దారుల్లా గీతలు గీతలుగా పాకుతుంది. దాన్నే ఫిలిఫార్మ్ కరోజన్ అంటారు. ఆఖరి కడుగుడు లవణాలు తీసేసిన నీళ్లతో చేస్తే మన ఊళ్లలో సగం ఫిర్యాదులు పోతాయని నా గట్టి నమ్మకం.

కోపం ఆగని సంగతి ఇంకోటుంది. పాత రంగు పోవడానికి చక్రాన్ని 400 డిగ్రీల దాకా మండే ఓవెన్‌లో పెట్టేవాళ్లున్నారు. బాబూ, అది ఇనుప గేటు కాదు! చాలా పోత అల్లాయ్ చక్రాలకు బలం వచ్చేదే వేడితో లోహాన్ని గట్టిపరిచే టీ6 ట్రీట్‌మెంట్ వల్ల. పొడి కాల్చడానికి 180, 200 డిగ్రీలు, కొద్ది నిమిషాలు చాలు. 400కు తీసుకెళ్తే లోహమే మెత్తబడుతుంది. ఆ చక్రం మీద మీ పిల్లలు ప్రయాణం చేస్తారు. పాత రంగును రసాయనంతోనో బ్లాస్టింగ్‌తోనో తీయించండి, మంటతో వద్దు. నట్లు కూర్చునే గుంటల్లో, హబ్‌కు (బండికి చక్రం బిగించే భాగానికి) ఆనుకునే ముఖం మీద కూడా పొడి పడనివ్వకండి. ఆ పొర నలిగితే బిగించిన నట్లు వదులవుతాయి.

చక్రం ఇంటికి వచ్చాక ఒక పరీక్ష చేయండి. గుడ్డను థిన్నర్‌లో ముంచి, చక్రం లోపలివైపు ఒక మూల పాతికసార్లు రుద్దండి. మెరుపు కొంచెం తగ్గితే ఫర్వాలేదు. రంగు కరిగి గుడ్డకు అంటి, కింద లోహం కనిపిస్తే అది సరిగా కాలలేదు. అప్పుడే వెనక్కి తీసుకెళ్లండి, ఏడాది ఆగకండి.

ఇప్పటికే కోటింగ్ ఊడినవాళ్లు ఒక పని చేయండి. ఈ ఆదివారం బండి పక్కన కూర్చుని ఒక పెచ్చు తీసి తిప్పండి. వెనక తెల్ల పొడి ఉంటే తుప్పు. శుభ్రంగా ఉండి స్టిక్కర్‌లా లేచిందంటే జిడ్డు మీద కొట్టారు. ఫోటో తీసి కామెంట్లో పెట్టండి. ముందువైపు నాకొద్దు, వెనకవైపు పెట్టండి.