వెయ్యికి ఐదు: స్కూల్ లైబ్రేరియన్ ఏం నేర్చుకోవాలి, ఎక్కడ నేర్చుకోవాలి

(తెర మీద: ఇనుప బీరువా, దానికి వేలాడుతున్న తాళం. అద్దం వెనక పుస్తకాలు కనిపిస్తున్నాయి.)

వెయ్యికి ఐదు. ఈ ఒక్క లెక్క ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఎవరైనా చెప్పుంటే నాకు రెండేళ్లు ఊరికే పోయేవి కావు. అదేంటో కాసేపట్లో చెప్తాను.

నమస్తే అండీ. నేను తిరుపతిలో ఒక హైస్కూల్లో లైబ్రేరియన్‌ని. ఈ వీడియో నాలాంటి వాళ్ల కోసం, ఇంకా లైబ్రేరియన్ పోస్టే లేని స్కూళ్లలో "తెలుగు మేడం కదా, పుస్తకాలు కూడా మీరే చూసుకోండి" అని తాళాల గుత్తి చేతిలో పెడితే కాదనలేక తీసుకున్న టీచర్ల కోసం. మనకి ట్రైనింగ్ అంటే ఏంటి, ఎక్కడ దొరుకుతుంది, ఏది గోడకి తగిలించుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు అనేది నా అనుభవంలో చూసినంత వరకు చెప్తాను.

మొదట వేరే స్కూల్లో పనిచేశాను, పేరొద్దు. మొదటి ఏడాది మొత్తం 620 ఇష్యూలు, అంటే అన్నిసార్లు పుస్తకం బయటికి ఇచ్చాను. ఏప్రిల్‌లో స్టాక్ వెరిఫికేషన్ చేస్తే ఏడు పుస్తకాలు లేవు. వాటి ఖరీదు జీతంలో కోశారు. డబ్బు పెద్దదేం కాదు గానీ, ఆఫీసు రూంలో అందరి ముందూ నిలబెట్టి "ఏమ్మా, పుస్తకాలు ఏం చేశావు" అని అడిగిన తీరు మాత్రం ఇప్పటికీ గుర్తే. ఇక మరుసటి ఏడాది తాళం తీస్తే ఒట్టు! ఒక పాప రోజూ బీరువా అద్దానికి ముక్కు ఆనించి చూసేది, "మేడం, ఆ బుక్కు ఇంటికి ఎత్తుకుపోయేదా?" అని అడిగేది, నేను ఏదో ఒక సాకు చెప్పేదాన్ని. ఆ ఏడాది 140 ఇష్యూలు. అయినా రెండు పోయాయి. తమాషా ఏంటంటే ఆ రెండూ పిల్లలు పోగొట్టినవి కావు, "ఇప్పుడే ఇచ్చేస్తా మేడం" అని రిజిస్టర్‌లో రాయకుండా స్టాఫ్ రూంకి తీసుకెళ్లినవి.

(తెర మీద: 1000 ఇష్యూలు = 5 పుస్తకాలు)

ఇప్పుడు ఆ లెక్క. కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, 2017 అని ఉన్నాయి, అందులో 215వ రూల్ లైబ్రరీల గురించి. ఏడాదిలో బయటికి ఇచ్చినవీ, అక్కడే కూర్చుని చదివినవీ కలిపి ప్రతి వెయ్యి పుస్తకాలకి ఐదు పోతే, అందులో నిర్లక్ష్యం, మోసం లేకపోతే, అది మామూలు నష్టమే అని ఆ రూల్ చెప్తుంది. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకం, లేదా ధరతో సంబంధం లేకుండా అరుదైన పుస్తకం పోతే మాత్రం విచారణ చేయాల్సిందే. ఇరవై వేల పుస్తకాల లోపున్న లైబ్రరీలో ఏటా స్టాక్ లెక్కపెట్టాలని కూడా ఉంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆ ఐదు, బీరువాలో ఉన్న వెయ్యికి కాదు, చేతులు మారిన వెయ్యికి. అంటే ఎంత ఎక్కువ ఇస్తే మీకు అంత వెసులుబాటు. తాళం వేసి కూర్చున్న లైబ్రేరియన్‌కి ఈ రూల్ ఇచ్చే మినహాయింపు సున్నా. ఇది నేరుగా కేంద్ర ప్రభుత్వ సంస్థల రూల్, మన జిల్లా పరిషత్ స్కూలుకో ప్రైవేటు స్కూలుకో ఉన్నదున్నట్టు వర్తిస్తుందని నేను చెప్పను. కానీ హెచ్‌ఎం గారి ముందు కూర్చుని మాట్లాడేటప్పుడు చేతిలో ఈ కాగితం ఉండటం వేరు, ఉత్త చేతులతో ఉండటం వేరు. ఇప్పుడున్న స్కూల్లో నేను చేరిన వారంలోనే దీన్ని ప్రింట్ తీసి చూపించాను. పోయిన ఏడాది మా దగ్గర 3,100 ఇష్యూలు, పోయినవి 12. లెక్క ప్రకారం 15 దాకా పోవచ్చు. ఈసారి ఆఫీసు రూంలో ఎవరూ నిలబెట్టలేదు, టీ ఇచ్చారు.

ఈ సోదంతా ట్రైనింగ్ వీడియోలో ఎందుకంటారా? మనలో చాలామందికి అసలు అడ్డం భయం. ఆ భయం తీరకుండా ఎన్ని వర్క్‌షాపులకి వెళ్లొచ్చినా తిరిగొచ్చి మళ్లీ తాళమే వేస్తాం.

(తెర మీద: మద్రాసు విశ్వవిద్యాలయం పాత ఫోటో)

మన దేశంలో లైబ్రరీ సైన్స్‌కి పితామహుడు అని చెప్పుకునే ఎస్.ఆర్. రంగనాథన్ గారు అసలు లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి లైబ్రేరియన్‌గా వేశారు, అప్పటికి ఆయనకి ఈ పనిలో ఏ శిక్షణా లేదు. మన చిత్తూరు జిల్లా కూడా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే లెండి. చేరీ చేరగానే ఆయనకి విసుగొచ్చింది, నన్ను మళ్లీ పాఠాలు చెప్పుకోనివ్వండి మహాప్రభో అన్నాడు. వాళ్లు వదల్లేదు, ముందు లండన్ వెళ్లి నేర్చుకుని రమ్మన్నారు. ఆయన అక్కడ చదువుతోపాటు లైబ్రరీలు తిరిగి తిరిగి చూశాడు. 1931లో ఆయన రాసిన ఐదు సూత్రాల్లో మొదటిదే పుస్తకాలున్నది వాడుకోవడానికి అని. దాన్ని వివరిస్తూ ఐరోపాలో ఒకప్పుడు పుస్తకాలని అల్మరాకి గొలుసులతో కట్టేసేవాళ్లని కూడా రాశాడు. మనం గొలుసులు తీసేసి గోద్రెజ్ తాళాలు వేసుకున్నాం.

ఉద్యోగం ముందు, శిక్షణ తర్వాత. కాబట్టి "నాకు బీఎల్‌ఐఎస్సీ (లైబ్రరీ సైన్స్ డిగ్రీ) లేదు, నన్నిక్కడ ఊరికే కూర్చోబెట్టారు" అని చిన్నబుచ్చుకునే టీచర్లకి నేను చెప్పేది ఇదే, రంగనాథన్ గారినీ అలాగే కూర్చోబెట్టారు.

సరే, డిగ్రీ ఉన్నవాళ్ల సంగతి. నేను చదివింది ఇక్కడే, క్లాసిఫికేషన్, క్యాటలాగింగ్ అన్నీ నేర్పారు, బాగానే నేర్పారు. పుస్తకాలకి విషయాన్ని బట్టి నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827 అని నిద్రలో లేపి అడిగినా చెప్తాను. (1876లో మొదలైన పద్ధతి, ఇంగ్లీషు సాహిత్యానికి 820 నుంచి వరసగా గదులన్నీ ఇచ్చి, మన వెయ్యేళ్ల సాహిత్యాన్ని చుక్క పక్కన మూడంకెల్లో ఇరికించారు, అది వేరే బాధ.) కానీ మధ్యాహ్నం భోజనం తర్వాత, కరెంటు పోయినప్పుడు, ఆరో తరగతి బి సెక్షన్‌లో 44 మందికి కథ చదివి వినిపించడం ఎలాగో నాకెవరూ నేర్పలేదు.

మొదటిసారి ఎలా చేశానో చెప్తే నవ్వుతారు. పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని గడగడా చదివేశాను. నాలుగో పేజీకి వెనక బెంచీ నుంచి రబ్బరు ముక్క ఎగిరొచ్చి పుస్తకానికి తగిలింది.

(తెర మీద: పుస్తకం పట్టుకునే రెండు పద్ధతులు, పక్కపక్కన)

ఈ పని నాకు నేర్పింది చంద్రగిరి వైపు ఒక ప్రైమరీ స్కూల్ టీచరమ్మ. ఆమె దగ్గర అరగంట కూర్చుని చూశాను, అంతే. ఆమె పుస్తకాన్ని కుడి భుజం పక్కన, బొమ్మలు పిల్లల వైపు తిరిగేలా పట్టుకుంటుంది, తను ఓరగా చూస్తూ చదువుతుంది. అలా ఓరగా చూస్తూ చదవాలంటే కథ ముందే సగం నోటికొచ్చి ఉండాలి, అందుకని ముందు రోజు ఇంట్లో రెండుసార్లు పైకి చదువుకుంటుంది. పేజీ తిప్పే ముందు ఆగుతుంది. నిజంగా ఆగుతుంది, మూడు నాలుగు సెకన్లు, ఆ నిశ్శబ్దంలో వెనక బెంచీ వాడు కూడా మెడ సాచుతాడు. కథ అయ్యాక "ఇందులో నీతి ఏంటి?" అని అడగదు. పుస్తకం మూసి బల్ల మీద, అందరికీ అందేచోట పెట్టి, పక్కకి జరిగి బ్లాక్‌బోర్డు తుడుస్తుంది. నేను చూస్తుండగానే ముగ్గురు పిల్లలు ఆ పుస్తకం కోసం లేచారు. ఆ బ్లాక్‌బోర్డు తుడవడం కూడా కావాలని చేసేదే అని ఆమె తర్వాత చెప్పింది.

ఇదండీ ప్రొఫెషనల్ డెవలప్‌మెంట్ అంటే. దీనికి సర్టిఫికెట్ రాదు, టీఏ డీఏ కూడా రాదు, చంద్రగిరికి బస్సు చార్జీ నాదే.

ఇక అధికారికంగా ఏమున్నాయో చూద్దాం. 2020 జాతీయ విద్యా విధానం టీచర్లు ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ తీసుకోవాలంటుంది, హెడ్మాస్టర్లకీ అంతే. ఆ వాక్యాల్లో లైబ్రేరియన్ అనే మాట కనపడదు. కనపడకపోయినా ఆ 50 గంటలని మన కొలతగా పెట్టుకోవచ్చు, ఎవరూ వద్దనరు. ఆన్‌లైన్ పాఠాల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన దీక్ష ప్లాట్‌ఫామ్ 2017 నుంచి ఉంది, నిష్ఠ అనే టీచర్ల శిక్షణ కోర్సులు దాంట్లోనే వస్తాయి. 2021లో వచ్చిన నిష్ఠ 3.0 మొత్తం చిన్న పిల్లలకి చదవడం, లెక్కలు ఎలా అబ్బుతాయన్న దాని మీదే. టీచర్ల కోసం చేసిందే అయినా చదవడం గురించిన భాగాలు మనం తప్పకుండా చూడాలి, ఎందుకంటే హైస్కూల్‌కి వచ్చి కూడా కూడబలుక్కుని చదివే పిల్లలు మన దగ్గరికే వస్తారు. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల సైట్ 'స్వయం'లో లైబ్రరీ సైన్స్ పాఠాలు ఉచితంగా చూడొచ్చు, కాకపోతే ఎక్కువ భాగం కాలేజీ లైబ్రరీ దృష్టితో ఉంటాయి. పిల్లల లైబ్రరీ కోసమే కావాలంటే టాటా ట్రస్ట్స్ వాళ్ల పరాగ్ నడిపే లైబ్రరీ ఎడ్యుకేటర్స్ కోర్సు గురించి వాకబు చేయండి. ఇంగ్లీషులో, హిందీలో నడుపుతూ వచ్చారు, కొన్ని నెలల కోర్సు, చదవాల్సింది బాగానే ఉంటుంది, ఆషామాషీగా చేరొద్దు.

ఒకరోజు వెబినార్, చివర్లో ఫారం నింపితే మెయిల్‌కి సర్టిఫికెట్... నా దగ్గర ఇలాంటివి పధ్నాలుగు ఉన్నాయి. ఏ దాంట్లో ఏం విన్నానో అడక్కండి.

మన ఊళ్లోనే ఉన్నవి వదిలేస్తున్నాం, అది నా బాధ. ఎస్వీ యూనివర్సిటీలో లైబ్రరీ సైన్స్ డిపార్ట్‌మెంట్ ఉంది. బాలాజీ కాలనీలో బస్సు దిగితే నడిచి వెళ్లొచ్చు. అక్కడి ఓరియంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో తాటాకు గ్రంథాలున్నాయి, వాటిని ఎలా కాపాడతారో చూడాలని ముందుగా ఉత్తరం రాసి అడగండి. పద్మావతి మహిళా యూనివర్సిటీ ఉంది, సంస్కృత యూనివర్సిటీ ఉంది. బ్రహ్మోత్సవాల రోజులు మాత్రం వదిలేయండి, ఆ ట్రాఫిక్‌లో నేర్చుకునేది ఓపిక ఒక్కటే.

కంప్యూటర్ గురించి అందరికీ టెన్షన్. కోహా అని లైబ్రరీ పనులకి ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, న్యూజీలాండ్‌లో పుట్టింది, 2000 జనవరి నుంచి వాడకంలో ఉంది, ఉచితం. కోహా అంటే మావోరీ భాషలో కానుక. మన ఎన్‌ఐసీ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ విభాగం) వాళ్లది ఈ-గ్రంథాలయ అని ఇలాంటిదే ఉంది. నేర్చుకోండి, రేపు ఇంటర్వ్యూలో అడుగుతారు. కానీ పదిహేను వందల పుస్తకాలున్న స్కూలుకి ఎక్సెల్ షీటు చాలు అని నా ఉద్దేశం. సాఫ్ట్‌వేర్ ఎక్కించే పేరుతో రెండు నెలలు ఇష్యూలు ఆపేసిన స్కూళ్లని చూశాను.

అన్నిటికంటే నాకు కలిసొచ్చింది మాత్రం రెండో శనివారం. మేం ఐదుగురం, తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి, నగరి వైపుల నుంచి, నెలకొకరి లైబ్రరీలో కలుస్తాం. ఎవరి లైబ్రరీకి వెళ్తే వాళ్ల ఇష్యూ రిజిస్టర్ తెరిచి అందరం చూస్తాం. ఏ పుస్తకం పేరు మళ్లీ మళ్లీ వస్తోంది, ఏ క్లాసు పేరు అసలు రావడం లేదు అని. ఒకసారి నగరి అక్క రిజిస్టర్‌లో ఏడో తరగతిలో ఓ పదిమంది పేర్లు జూన్ నుంచి లేవు. ఆరా తీస్తే వాళ్లంతా ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు. అక్క ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైట్ నుంచి ఒకే కథని తమిళంలో, తెలుగులో ప్రింట్ తీసి (ఉచితమే, అనుమతి కూడా అక్కర్లేదు) రెండూ కలిపి కుట్టింది. అవిప్పుడు అంచులు నలిగిపోయి ఉన్నాయి. సత్యవేడు, కుప్పం వైపు వాళ్లు ఇది వెంటనే చేయొచ్చు, కుప్పం అయితే కన్నడం కూడా కలపాలి.

చివరగా పర్మిషన్. వేరే స్కూల్ చూడటానికి ఓడీ (ఆన్ డ్యూటీ) అడిగితే హెచ్‌ఎం గారు "పీరియడ్ ఎవరు చూస్తారమ్మా" అంటారు. నేను ఉత్తరంలో ఇలా రాస్తాను.

(తెర మీద: ఉత్తరం)

"జూన్ నుంచి తొమ్మిదో తరగతికి మొత్తం 31 ఇష్యూలే జరిగాయి. ఫలానా స్కూల్లో అదే తరగతికి 200 దాటాయి. వాళ్లెలా చేస్తున్నారో చూసి రావడానికి గురువారం మధ్యాహ్నం రెండు పీరియడ్లు అనుమతి కోరుతున్నాను. శుక్రవారం ఒక పేజీ రిపోర్టు ఇస్తాను."

"వృత్తి నైపుణ్యాలు పెంపొందించుకొనుటకు" అని రాసినన్నాళ్లూ ఆ కాగితం ఫైల్లోనే ఉండేది. అంకె రాసిన రోజున సాయంత్రానికల్లా సంతకం వచ్చింది. ఆ ఒక పేజీ రిపోర్టు మాత్రం ఎగ్గొట్టకండి, రెండోసారి అడగాలి కదా.

మీ రిజిస్టర్ తీసి జూన్ నుంచి ఇప్పటిదాకా ఎన్ని ఇష్యూలో లెక్కపెట్టండి, తరగతి వారీగా. ఏ తరగతి దగ్గర పెన్ను ఆగిందో అక్కడి నుంచే మీ ట్రైనింగ్ మొదలవుతుంది. వచ్చే వీడియో చినిగిన పుస్తకాల బైండింగ్ గురించి. అప్పటిదాకా దయచేసి మైదా జిగురు వాడకండి, అది పురుగులకి విందు భోజనం.