మా చిన్నోడి ఇయర్ మఫ్స్ రివ్యూ: బరంపురం నుంచి భువనేశ్వర్ పార్కు దాకా

అందరికీ నమస్కారం. బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ నా చేతిలో ఉన్నవి పిల్లల ఇయర్ మఫ్స్, అంటే చప్పుడు తగ్గించడానికి చెవుల మీద పెట్టుకునే కప్పులు, ఎరుపు రంగువి. ముందే చెప్పేస్తున్నాను, ఇవి నేను కొన్నవి కాదు, కంపెనీ వాళ్లు ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఏం చెప్పాలో రాసి పంపలేదు. బరువెంత, ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తాయి, ఏయే రంగుల్లో దొరుకుతాయి, అవన్నీ ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు. నేను మాత్రం నెల రోజులు ఇంట్లో వాడించి, చివరికి మా చిన్నోడిని భువనేశ్వర్ దగ్గర రైడ్లు, నీళ్ల ఆటలు ఉండే పార్కు వండర్‌లాకి తీసుకెళ్లి వచ్చాకే కెమెరా ముందు కూర్చున్నాను.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం చెబుతాను. మా వాడికి ఎనిమిదేళ్లు, ఆటిజం ఉంది. మాటలు చాలా తక్కువ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, రెండూ అర్థమవుతాయి, తిరిగి చెప్పడమే కష్టం. పక్క గదిలో ఫ్యాను చేసే కిర్రుమనే చప్పుడు మనకి వినపడదు, వాడికి వినపడుతుంది. వాడు చెవులు మూసుకుని నేల మీద కూర్చున్నాడంటే అది మొండితనం కాదు, నొప్పి. ఈ మాట మా చుట్టాలకి చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది. మీ ఇంట్లో కూడా ఇలాంటి బిడ్డ ఉంటే మీకు నేను చెప్పక్కర్లేదు.

వీటి కంటే ముందు ఏం వాడామో చెబుతాను, లేకపోతే ఇవి ఎందుకు నచ్చాయో అర్థం కాదు. మొదట దూది. గంటలో పీకి పడేసేవాడు. తర్వాత హార్డ్‌వేర్ షాపులో దొరికే పసుపు రంగువి, గ్రైండింగ్ పనివాళ్లు పెట్టుకునేవి. చప్పుడు బాగానే ఆపాయి కానీ పెద్దవాళ్ల తలకి చేసినవి, జారి మెడ మీదకొచ్చేవి. ఆ తర్వాత మా ఆయన ఖరీదైన బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ తెచ్చారు, నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్నవి. ఏసీ హోరు, రైలు హోరు లాంటి ఒకేలా సాగే చప్పుడికి అవి బాగా పనిచేస్తాయి. ఉన్నట్టుండి పేలే టపాసుకి, పసిపిల్ల ఏడుపుకి అంతగా చేయవు. పైగా చార్జింగ్ అయిపోతే మా వాడికి ప్రపంచమే ఆగిపోయినట్టు.

ఒకసారి మా ఊళ్లో ఠాకురాణీ యాత్రకి వాడిని తీసుకెళ్లాం. రెండేళ్లకోసారి వచ్చే పండగ, వేషాలు చూపిద్దామని నా ఆశ. ఆ పసుపు మఫ్స్ పెట్టాం. డప్పులు దగ్గరికి రాగానే మఫ్స్ ఉన్నా వణికిపోయాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, చెవిని కప్పే మఫ్స్ కీచుమనే చప్పుళ్లని బాగా ఆపుతాయి కానీ డప్పు, డీజే బాక్సుల ధమధమని అంతగా ఆపలేవు. ఆ అదురు ఒంటికి కూడా తగులుతుంది. అది ఈ ఎర్రవాటికీ వర్తిస్తుంది. వీటి పెట్టె మీద ఎంత పెద్ద అంకె వేసినా డీజే ముందు నిలబెట్టొద్దు. దూరంగా తీసుకెళ్లండి, అంతే.

ఇప్పుడు అసలు విషయం, ఈ పట్టీ. నెత్తి మీదుగా వచ్చే ఈ పట్టీ గురించి నేను గంటసేపైనా మాట్లాడగలను. పెట్టెలోంచి తీసిన రోజు కణతల దగ్గర గట్టిగా నొక్కింది. మా వాడు పెట్టుకున్న మరుక్షణమే విసిరేశాడు. నాకు బాధేసింది, ఇదీ మూలన పడే వస్తువే అనుకున్నాను. దాన్ని మా బియ్యం డబ్బాకి తొడిగాను. వాడి తల కంటే రెండు వేళ్లు వెడల్పున్న డబ్బా, అంతకంటే పెద్దది వద్దు, విరుగుతుంది. మూడు రాత్రులు అలాగే ఉంచాను. నాలుగో రోజు తీసి నా మోకాలికి పెట్టి చూశాను. వదులవ్వలేదు, కరవడం మానేసింది. మెత్తలు చెవి చుట్టూ పూర్తిగా అతుక్కోవాలి, అందుకే వదులుగా ఉన్నా పనికిరాదు. జుట్టు మెత్త కిందకి వచ్చినా, కళ్లజోడు కాడ అడ్డం వచ్చినా సందులోంచి చప్పుడు లోపలికి దూరుతుంది. మా అత్తయ్య వాడికి పక్కల జుట్టు కత్తిరించి పెట్టింది, తేడా కనిపించింది.

ఇంకోటి, వాసన. కొత్త రెగ్జిన్ వాసన. కంపెనీ వాళ్లు నా వీడియో చూస్తారు కదా, వాళ్లకే చెబుతున్నాను. చప్పుడు తట్టుకోలేని పిల్లల్లో చాలామంది వాసన కూడా తట్టుకోలేరు. వారం రోజులు డాబా మీద నీడలో వేలాడదీస్తే గానీ పోలేదు. లోపల మెత్తకి కుట్టిన ఆ చిన్న లేబుల్ ఎందుకు? చెంపకి గీసుకుంటోంది. బ్లేడుతో జాగ్రత్తగా కుట్టు విప్పి తీశాను. పిల్లల వస్తువు చేసేవాళ్లు ఒక్కసారి పిల్లాడి చెంపకి ఆనించి చూడొద్దా?

అయినా ఇన్ని మాటలు ఎందుకు మాట్లాడుతున్నానంటే, ఈ పట్టీని వాడు ఒంటిచేత్తో తీసుకోగలడు, ఒంటిచేత్తో పెట్టుకోగలడు. ఇదిగో, ఈ కప్పు కింద బొటనవేలు పెట్టి పైకి లాగితే చాలు. పాతవన్నీ నేను పెట్టాలి, నేను తీయాలి. ఇవి వాడి చేతిలో పని. మా థెరపీ మేడమ్ ఎప్పుడూ అంటారు, రోజంతా చెవులు మూసేయొద్దు, మూస్తే చిన్న చప్పుడు కూడా ఇంకా పెద్దగా అనిపిస్తుంది అని. మరి ఎప్పుడు పెట్టాలో ఎవరికి తెలుసు? వాడికే తెలుసు.

వండర్‌లా సంగతికి వస్తాను. హైదరాబాద్‌లో 2016లో పెట్టినప్పటి నుంచీ నాకు కోరిక, కానీ రాత్రంతా రైల్లో వాడితో అంటే ధైర్యం చాలలేదు. 2024లో భువనేశ్వర్ దగ్గర తెరిచారు. మా ఊరి నుంచి భువనేశ్వర్ దాదాపు 170 కిలోమీటర్లు, పొద్దున్న ఎక్కితే అదే రోజు చేరిపోతాం. బడి సెలవులు లేని వారం మధ్యలో రోజు చూసుకున్నాం. మూడు వారాల ముందు నుంచీ ఒక ఆల్బమ్ చేశాను. మా ఇంటి తలుపు ఫొటో, బరంపురం స్టేషన్ ఫొటో, రైలు, గేటు, క్యూ, నీళ్లు, మళ్లీ మా ఇంటి తలుపు. ఆ చివరి ఫొటో చాలా ముఖ్యం. తిరిగి ఇంటికొస్తామని వాడికి కళ్లకి కనపడాలి.

నీళ్ల ఆటలకి ఒంటికి అతుక్కునే నైలాన్ బట్టలు వేసుకోవాలి. అది వాడికి మంటలా ఉంటుంది. అందుకే రెండు వారాలు స్నానానికి ముందు ఐదు నిమిషాలు, పది నిమిషాలు అని వేయించాం. అన్నట్టు, ఈ మఫ్స్ తడవకూడదు, లోపలి స్పాంజి నీళ్లు పీల్చుకుంటుంది. వేగంగా తిరిగే రైడ్ మీద కూడా పెట్టుకోనివ్వరు, జారి ఎవరికైనా తగలొచ్చు. మరి పార్కులో వీటి పనేంటి అంటారా? క్యూ. కష్టమంతా రైడ్‌లో లేదు, క్యూలో ఉంది. స్పీకర్లు, కేకలు, వెనకవాళ్ల మోచేతులు, ఎప్పుడు అయిపోతుందో తెలియకపోవడం.

అమెరికాలో డిస్నీ పార్కుల్లో ఇలాంటి పిల్లలు లైన్లో నిలబడకుండా, ఇచ్చిన టైమ్‌కి తిరిగొచ్చే ఏర్పాటు ఉంది. మేము అదే సొంతంగా చేసుకున్నాం. మా ఆయన లైన్లో నిలబడ్డారు, నేనూ వాడూ చెట్టు కింద. వెనకవాళ్లకి ముందే ఒడియాలో చెప్పాం, బాబుకి ఆటిజం, వంతు రాగానే వచ్చి కలుస్తాడని. ఎవరూ కాదనలేదు. మీరు వెళ్లే పార్కుకి ముందే ఫోన్ చేసి ఏం వీలుందో కనుక్కోండి, యూడీఐడీ కార్డు, అంటే ప్రభుత్వం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు, దాని కాపీ దగ్గర పెట్టుకోండి. వికలాంగుల కోసం చేసిన 1995 నాటి చట్టంలో ఆటిజం పేరే లేదు. 2016 చట్టంలో గుర్తించిన 21 వైకల్యాల్లో అది ఒకటి. అడగడానికి సిగ్గుపడకండి.

వెళ్లేటప్పుడు రైల్లో జరిగింది చెబుతాను. స్టేషన్‌లో ఇంజిన్ హారన్ కొట్టగానే వాడే మఫ్స్ పెట్టుకున్నాడు. రంభ దాటాక చిలికా సరస్సు కనపడింది. కిటికీకి ముఖం ఆనించి నీళ్లు చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ బొటనవేలు కప్పు కింద పెట్టి, మఫ్స్ మెడ మీదకి దించేశాడు. రైలు చప్పుడు వినాలనిపించింది వాడికి! ఎనిమిదేళ్లలో వాడు చప్పుడుని తనంతట తాను లోపలికి రానివ్వడం నేను చూడటం అదే మొదటిసారి. మా ఆయన నా వైపు చూశారు, ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

పార్కులో మూడు రైడ్లే ఎక్కాడు. మధ్యాహ్నం రెండింటికే బయటికొచ్చేశాం. టికెట్ డబ్బులు వృథా అని ఎవరో అన్నారు. మాకు ఆ మూడూ చాలు.

కొనాలా అని అడిగితే, కొనండి. మార్కులు వేయను. వాసన పోవడానికి వారం, పట్టీ సాగడానికి మూడు రాత్రులు చేతిలో పెట్టుకుని కొనండి, ప్రయాణానికి ముందు రోజు కొనొద్దు. ఇప్పుడివి మా తలుపు పక్క మేకుకి, వాడికి అందే ఎత్తులో వేలాడుతుంటాయి. నేను కుక్కర్ పొయ్యి మీద పెట్టడం చూస్తే చాలు, విజిల్ రాకముందే వెళ్లి తెచ్చుకుంటాడు. బడికి ఇంకో జత కావాలని నిన్ననే ఆర్డర్ పెట్టాను, అది నా డబ్బుతోనే.