తలలో నీటికి ఒక అలుగు

ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ టీచర్లకు, వెనక వరుసల్లో పిల్లలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లులకు నమస్కారం.

నన్ను పరిచయం చేస్తూ మిత్రులు ‘ఎందరో పిల్లల మెదడు బాగుచేసిన డాక్టరు’ అన్నారు. నిజానికి తలలో చేరిన నీటిని దారి మళ్లించే షంటు ఆపరేషన్‌లో మెదడును బాగుచేసేదేమీ ఉండదు. ఒక గొట్టం వేసి వస్తాం. గంటా గంటన్నర పని. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ గొట్టానికి కాపలా కాసేది మీరు. అందుకే ఈ మాటలు డాక్టర్ల సభలో కన్నా ఇక్కడ చెప్పడమే నాకు ఇష్టం.

చెరువు సంగతి మీకు కొత్తగా చెప్పాలా? పైనుంచి వాగు వస్తుంటుంది, కింద తూము పారుతుంటుంది. తూము పూడితే నీరు కట్ట మీదికి వస్తుంది. మెదడు లోపల నాలుగు గదులున్నాయి. వాటిలో రోజుకు దాదాపు అర లీటరు ద్రవం ఊరుతుంది. పెద్దవాళ్లకు తలలోనూ వెన్నులోనూ కలిపి ఒక్కసారికి ఉండేది 150 మిల్లీలీటర్లే. పాత నీరు రోజుకు మూడు నాలుగు సార్లు రక్తంలోకి ఇంకిపోతూ, కొత్త నీరు వస్తూ ఉంటుంది. గదుల మధ్య దారి పుట్టుకతోనే సన్నగా ఉండవచ్చు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు మెదడులో రక్తస్రావం కావచ్చు. టీబీ మెదడు పొరలకు పాకవచ్చు. వీటిలో ఏది జరిగినా దారి పూడుతుంది, ఊట మాత్రం ఆగదు. ఈ కారణాల్లో గ్రహణం లేదని గమనించారా? కడుపుతో ఉన్నప్పుడు ఏదో చేసిందని కోడలిని ఆడిపోసుకునే అత్తగారు మీ వీధిలో ఉంటే ఈ మాట ఆమె చెవిన వేయండి.

పూడిన చెరువుకు గండి కొట్టడం తేలికే, కానీ ఉన్న నీరంతా పోతుంది. తలలో నీరు ఒక్కసారిగా జారిపోతే మెదడు కుంచించుకుని, దాని పైన రక్తం చేరుతుంది. కావలసింది అలుగు. ఒక మట్టం దాటాకే పారాలి, మట్టం తగ్గితే ఆగాలి, వెళ్లిన నీరు వెనక్కి రాకూడదు. ఆ అలుగు దొరక్క డాక్టర్లు చాలా ఏళ్లు తంటాలు పడ్డారు. చివరికి దాన్ని గట్టెక్కించిన వారిలో ఒకరు తాళాల కంపెనీలో పనిచేసే మెకానిక్. పేరు జాన్ హోల్టర్, ఊరు అమెరికాలోని ఫిలడెల్ఫియా ప్రాంతం. 1955లో ఆయనకు పుట్టిన కొడుకు కేసీకి వెన్ను లోపంతో పాటు తలలో నీరు కూడా చేరింది. సర్జన్ యూజీన్ స్పిట్జ్ తన ఇబ్బంది ఏమిటో వివరిస్తే, హోల్టర్ ఇంట్లో కూర్చుని వాల్వు తయారుచేశాడు. చీలిక ఉన్న మెత్తటి మూత అది. లోపల ఒత్తిడి పెరిగితే చీలిక విచ్చుకుంటుంది, తగ్గితే మూసుకుంటుంది. ఒంట్లో పాడుకాకుండా నిలిచే పదార్థం కోసం వెతికి సిలికాన్ దగ్గర ఆగాడు. 1956 నుంచి ఆ వాల్వు పిల్లలకు వేయడం మొదలైంది. కేసీ కొద్దేళ్లే బతికాడు. తండ్రి చేసిన వాల్వు మాత్రం దేశదేశాలకు వెళ్లింది.

ఇప్పుడు మనం వేసే గొట్టం తల నుంచి బయలుదేరి చెవి వెనకగా, మెడ, ఛాతీ చర్మం కిందుగా పొట్టలోకి దిగుతుంది. అక్కడి పొర ఆ నీటిని పీల్చుకుంటుంది. బిడ్డ ఎదుగుతుంది కదా అని పొట్టలో కొంత గొట్టం చుట్టగా వదిలిపెడతాం. ఖరీదైన షంటు వేయలేదని బాధపడే తల్లిదండ్రులకు ఒక సంగతి. మన ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో ఛాబ్రా షంటు తయారవుతుంది. ఉగాండాలో బెంజమిన్ వార్ఫ్ అనే సర్జన్ 195 మంది పిల్లల్లో దాన్ని విదేశీ షంటుతో పోల్చి, 2005లో ఫలితాలు ప్రకటించాడు. అప్పట్లో మనది 35 డాలర్లు, అది 650 డాలర్లు. ఏడాది తర్వాత చూస్తే ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇక కష్టమైన మాట. ఏ కంపెనీదైనా షంటు పూడిపోవచ్చు. పిల్లల్లో మొదటి ఏడాదిలోనే నూటికి 40 దాకా మొరాయిస్తాయని పేరున్న అధ్యయనాలే చెప్పాయి. ‘ఆపరేషన్ అయిపోయింది, ఇక భయం లేదు’ అని నేను కూడా ఒకప్పుడు చెప్పి పంపినవాడినే. ఒకసారి ఒక తల్లి మూడేళ్ల బాబును తెచ్చింది. రెండు వాంతులయ్యాయి, జ్వరం లేదు. స్కాన్ తీయించాను, పాత స్కాన్‌లాగే ఉంది. పొట్ట పాడైందన్నాను. ‘వీడు అల్లరి మానేశాడు సార్’ అని ఆమె మళ్లీ మళ్లీ అంది. నేను పట్టించుకోలేదు. రాత్రికి కళ్లు తెరవని బిడ్డను ఎత్తుకుని వచ్చింది. షంటు మార్చాం, బాబు దక్కాడు. షంటు పూడినా కొందరిలో స్కాన్ మారదని చదివే ఉన్నాను. ఆ రోజు నాకన్నా ముందు రోగం పట్టుకున్నది ఆ తల్లి.

కాబట్టి షంటు ఉన్న బిడ్డకు వాంతులు, తలనొప్పి, ఎప్పుడూ లేని మగత, గొట్టం వెంట వాపు, కారణం తెలియని జ్వరం, వీటిలో ఏది కనిపించినా ఓఆర్ఎస్ తాగించి రేపు చూద్దామనుకోవద్దు. ఆ రోజే షంటు వేసిన ఆసుపత్రికి పంపండి. చెవి వెనక తగిలే వాల్వు బుడిపెను ఇంట్లో నొక్కి పరీక్షించవద్దు. బడికి, ఆటలకు, టీకాలకు ఏ అడ్డూ లేదు.

మీరు ఇళ్లకు వెళ్లినప్పుడు ముసలివాళ్లను కూడా ఒక కంట చూడండి. పాదాలు నేలకు అతుక్కున్నట్టు నడక, ఆపుకోలేని మూత్రం, మతిమరుపు, ఈ మూడూ కలిసి వస్తే వయసు మీద పడిందని వదిలేస్తాం. వీరిలో కొందరికి తలలో నీరే కారణమని కొలంబియా దేశంలోని బొగోటాకు చెందిన డాక్టరు సాలొమోన్ హకీమ్ 1965లో తన సహచరులతో కలిసి రాశారు. షంటు వేశాక మళ్లీ నడిచినవాళ్లను నేను చూశాను.

పసిబిడ్డల సంగతికి వస్తే, పుట్టినప్పుడు తల చుట్టుకొలత 34, 35 సెంటీమీటర్లు ఉంటుంది, ఏడాదికి 46 దగ్గరికి వస్తుంది. తొలి మూడు నెలల్లో నెలకు రెండు సెంటీమీటర్లు పెరగడం మామూలే. ఒకసారి కొలిచిన అంకెతో తేలదు, నెలనెలా రాస్తే దూకుడు తెలుస్తుంది. మాడు ఉబ్బినా, కళ్లు కిందికి వాలి పైన తెల్లగుడ్డు కనిపించినా కొలత కోసం కూడా ఆగవద్దు. టేపు కనుబొమలకు పైన, వెనక తల బాగా ఉబ్బెత్తుగా ఉన్న చోటు మీదుగా రావాలి. చాలామంది చెవులను కూడా కలిపి చుట్టేస్తారు, అది తప్పు. ఆ మూడో వరుసలో నీలం చీర కట్టుకున్న అమ్మా, బిడ్డను ఒక్కసారి ఇటు తీసుకురండి. టోపీ తీసేయండి, కొలిచి చూపిస్తాను.