షేక్ గారి ప్రేమ సరే, డాక్టరమ్మ ఉద్యోగం ఏమైంది?

హాయ్ అండీ అందరికీ. ముందే చెప్పేస్తున్నా, ఈ నవల నేను కొనలేదు, పబ్లిషర్ వాళ్ళు ఊరికే పంపారు. డబ్బాలో ఖర్జూరాల ప్యాకెట్ కూడా పెట్టారు. కథేంటో ఈపాటికి వేరే వీడియోల్లో చూసేసుంటారు. లండన్ గుండె డాక్టరమ్మ, ఎడారి రాజ్యపు షేక్, ఇసుక తుఫాను, ఒకే గుడారం. సరే.

నా గొడవంతా ఆ ఉద్యోగం గురించే. మొదట్లో ఆరు గంటల ఆపరేషన్ చేసి గ్లవ్స్ తీస్తుంది, వేళ్ళు నానిపోయి ముడతలు పడి ఉంటాయి. ఎంత బావుందో! రెండుసార్లు చదివా. నలభయ్యో పేజీలో విమానం దిగింది, అంతే. ఆ చేతులకి గోరింటాకు పెట్టేశారు, మళ్ళీ స్టెతస్కోప్ ముట్టుకుంటే ఒట్టు. షేక్ తమ్ముడు గుర్రం మీంచి పడితే ఏడుస్తూ నిలబడిందండీ! అమ్మా తల్లీ, నువ్వు డాక్టరువి!

ఫార్ములా పాతదే లెండి. 1919లో ఇ.ఎం.హల్ అనే ఇంగ్లండ్ ఆవిడ రాసిన నవలతో ఊపందుకుంది. 1921లో వాలెంటినో హీరోగా మూకీ సినిమా కూడా తీశారు. అందులో షేక్ అసలు అరబ్బే కాదు, ఇంగ్లీషు దొర కొడుకని చివర్లో తేలుతుంది. ఇందులో ఆ మోసం లేదు, సంతోషం.

నిజంగా జరిగింది చూడండి. లీసా హలబీ, అమెరికా అమ్మాయి, 1974లో ప్రిన్స్‌టన్‌లో ఆర్కిటెక్చర్, పట్టణ ప్రణాళిక చదువు పూర్తిచేసింది. జోర్డాన్ విమాన సంస్థలో డిజైన్ పనులు చూసేది. 1978 జూన్ 15న రాజు హుస్సేన్‌ని చేసుకుని నూర్ రాణి అయింది. ఆయనకది నాలుగో పెళ్ళి. ముందు ఏడాదే రాణి అలియా హెలికాప్టర్ ప్రమాదంలో పోయింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల ఎనిమిది మందికి సవతి తల్లి! మన షేక్‌కేమో పిల్లలు కాదు కదా, జలుబు కూడా చెయ్యదు.

మా పిన్నిది రాయచోటి. కువైట్‌లో ఏడేళ్ళు ఇంటిపని చేసింది. గుర్రం సీను చదివి వినిపించా. జూలై నెల, మిట్టమధ్యాహ్నం, ఇద్దరూ మూడు గంటల స్వారీ. "ఆ ఎండకి ఇనప గేటు ముట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కేది మే, గుర్రం బతుకుతాదా?" అంది. కాసేపాగి, "ఇంతకీ ఆయమ్మ పాస్‌పోర్ట్ ఎవరి కాడుంది?" అనడిగింది. వెనక్కి తిప్పి వెతికా. ఎక్కడా లేదు.

ఐదుకి రెండు. అందులో ఒకటి ఆ గ్లవ్స్ సీనుకి. ఖర్జూరాలు పిన్ని పట్టుకుపోయింది, అవి మాత్రం మంచివేనంట.